ఆఖరి బస్సు ఎన్నింటికి?

టిమ్మిన్స్, ఒంటారియో
మే నెలాఖరు

రాజ్యం,

అసలు సంగతి ఉత్తరం చివర్న రెండు ముక్కల్లో ఇరికించడం నీకు చిన్నప్పటినుంచీ అలవాటే. ఈ ఏడు కాయ పీచు పట్టిందనీ, ఆవపిండిలో ఘాటు లేదనీ, మీ మరదలు ఉప్పు ఎక్కువేసిందనీ పేజీన్నర రాశావు. ఆఖర్న సంతకానికి పైన, "గౌరికి టెన్తులో మంచి మార్కులొచ్చాయి, పై చదువు గురించి ఇంకా ఏమీ అనుకోలేదు" అని రాసి ఊరుకున్నావు. ఆవకాయ సంగతి నేను అప్పుడే మర్చిపోయాను. ఈ ఒక్క ముక్క మాత్రం వారం రోజులుగా నన్ను పట్టుకుని వదలడం లేదు. నాకు ఏదైనా పట్టుకుంటే ఎలా ఉంటుందో నీకు తెలియనిది కాదు కదా. అందుకని ఓపిగ్గా కూర్చుని చదువు, ఇది పొడుగు ఉత్తరం.

నువ్వేమంటావో నాకు ఇక్కడికి వినిపిస్తోంది. "ఎవరూ వద్దనలేదు కదే, ఎందుకు నీకంత తొందర?" అంటావు. నా భయం సరిగ్గా అదే రాజ్యం. మీ తమ్ముడు వద్దనే మనిషి కాదు. కూతురు గౌరి ప్రోగ్రెస్ కార్డు జేబులో పెట్టుకు తిరిగే రకం. ఎవరూ వద్దనరు. జూన్ వస్తుంది. బొబ్బిలి కాలేజీ పన్నెండు కిలోమీటర్లు, సాయంత్రం బస్సుకి నమ్మకం లేదు, ఊళ్ళోంచి తోడు వెళ్ళే పిల్లలెవరూ లేరు, ఈ ఏడాదికి ఇంట్లో ఉండనీ, వచ్చే ఏడు చూద్దాం అంటారు. వచ్చే ఏడు ఎవరు చూస్తారు? వచ్చే ఏడుకి సంబంధాలు చూస్తారు. ఎవరూ వద్దనకుండానే, ఎవరి మీదా నింద పడకుండానే, ఒక పిల్ల చదువు ఆగిపోతుంది. మన వైపు ఆడపిల్ల చదువు ఆగేది చాలామటుకు వద్దన్న మాట దగ్గర కాదు, దారి దగ్గర. ఇది నేను ఇక్కడికొచ్చాక కనిపెట్టిందేమీ కాదు. మనిద్దరికీ పదమూడేళ్ళప్పుడే తెలుసు. దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందు ఇక్కడి కబుర్లు. మంచు కరిగింది. చెరువుల మీద గడ్డ విడిపోయింది. ఇక దోమలకి అన్నలాంటి నల్ల ఈగలు బయల్దేరతాయి. మా ఆయన మోకాలు నొప్పి అలాగే ఉంది. నేను సాయంత్రాలు లైబ్రరీలో పిల్లల విభాగంలో కూర్చుంటున్నాను, జీతానికి కాదు, కాలక్షేపానికీ కాదు, నాకు అక్కడ బాగుంటుంది కనుక. ఏటా వసంతంలో ఉత్తరాన ఆల్బనీ నదికి వరద భయం వస్తుంది. కషెచివన్ అనే ఊరి జనాన్ని విమానాల్లో ఎక్కించి ఈ చుట్టుపక్కల ఊళ్ళకి తీసుకొస్తారు. వాళ్ళు క్రీ జాతి వాళ్ళు, ఈ నేల మొదటి మనుషులు. మన గోదావరి లంకల వాళ్ళని వరదలప్పుడు బడుల్లోకి చేర్చడం గుర్తొస్తుంది నాకు. ఇక్కడ హోటళ్ళలో పెడతారు, అంతే తేడా. పిల్లల చదువు మాత్రం రెండు చోట్లా ఆ నెలలో గంగలో కలుస్తుంది.

ఆ వైపు పిల్లే ఒకమ్మాయి లైబ్రరీకి వస్తుంది. పేరు రాయనులే. సముద్రం ఒడ్డున ఉన్న ఊరు వదిలి, హైస్కూలు చదువు కోసం ఇక్కడ ఎవరింట్లోనో ఉంటోంది. పదిహేనేళ్ళుంటాయి. హోంవర్కు చేసుకుంటుంది, ఆరింటికి కిటికీ దగ్గరకెళ్ళి అమ్మకి ఫోను చేస్తుంది. క్రీలో మాట్లాడుతుంది, చిన్న గొంతుతో. ఒకరోజు వాళ్ళ అక్షరాలు నాకు రాసి చూపించింది. నువ్వు చూసి తీరాలి రాజ్యం! హల్లుకి ఒక గుర్తు. ఆ గుర్తునే పైకి తిప్పితే ఒక అచ్చు, కిందికి తిప్పితే ఇంకోటి, పక్కకి తిప్పితే మరోటి. గుణింతమే! నేను క కా కి కీ రాసి చూపిస్తే ఆ పిల్ల ముఖం విప్పారింది. తర్వాత నన్ను అడిగింది, "మీ ఊరికి రోడ్డుందా, విమానమేనా?" అని. ఊరంటే ఆ పిల్లకి మొదట తట్టిన ప్రశ్న అది. వాళ్ళ ఊరికి చలికాలంలో గడ్డకట్టిన నేల మీద వేసే దారి తప్ప రోడ్డు లేదు. మిగతా రోజులన్నీ విమానమే.

ఆ అమ్మాయి వల్లే నాకు షానెన్ కూస్టాచిన్ గురించి తెలిసింది. ఇలా ఇల్లు వదిలొచ్చి చదివే పిల్లలందరికీ ఆ పేరు తెలుసు. నీకు చెప్పాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాను.

జేమ్స్ అఖాతం పడమటి ఒడ్డున అట్టవాపిస్కాట్ అని ఒక ఊరుంది. షానెన్ అక్కడి క్రీ పిల్ల, 1994లో పుట్టింది. ఆ ఊళ్ళో ప్రాథమిక పాఠశాల కింద 1979లో డీజిల్ గొట్టం కారి నేలంతా ఇంకిపోయింది. పిల్లలకి తలనొప్పులు, వాంతులు. ఇరవై ఏళ్ళు అలాగే నడిపి, 2000లో బడి మూసేశారు. దాని బదులు పాత బడి స్థలం పక్కనే తాత్కాలికంగా డబ్బా గదులు తెచ్చి పడేశారు. తాత్కాలికమంటే ఎంతనుకున్నావు? ఏళ్ళకేళ్ళు. తలుపులు సరిగా పడవు. లోపల కోట్లేసుకునే కూర్చోవాలి. ఒక గదిలోంచి ఇంకో గదికి వెళ్ళాలంటే మైనస్ ముప్పై, నలభై చలిలో బయట నడవాలి. కొత్త బడి కట్టిస్తామని ఒక మంత్రి తర్వాత ఒక మంత్రి మాటిచ్చారు. ఎవరూ కట్టలేదు. షానెన్ బడిలో చేరిన నాటికే అసలు బడి మూతపడింది. ఆ పిల్లకి బడంటే ఆ డబ్బాలే.

2008లో ఎనిమిదో తరగతి పిల్లలు నయాగరా చూడ్డానికి వెళ్ళాల్సింది. ఆ విహారయాత్ర మానుకుని ఆటవాకి, పార్లమెంటుకి వెళ్ళారు. మే 29న షానెన్, పదమూడేళ్ళ పిల్ల, అప్పటి ఆదివాసీ వ్యవహారాల మంత్రిని ఆయన ఆఫీసులోనే కలిసింది. బడికి డబ్బు లేదన్నాడాయన. నా తరగతి గది మీ ఆఫీసంత బాగుంటే బాగుండునని అతని ముఖం మీదే చెప్పి వచ్చింది. తర్వాత పార్లమెంటు మెట్ల మీద జనం ముందు మాట్లాడింది. నాలుగూ అయిదూ తరగతుల్లోనే మా పిల్లలు ఆశ వదిలేసుకుంటున్నారని చెప్పింది. రాజ్యం, మనకి పదమూడేళ్ళప్పుడు హెడ్మాస్టరు గది గుమ్మం దాటడానికి ఎన్నిసార్లు గొంతు సవరించుకున్నామో తలుచుకో.

ఆ పిల్లలు చేసిన పెద్ద పని ఉత్తరాలు రాయించడం. దేశమంతటా బళ్ళలో పిల్లలు, తాము చూసి ఎరగని ఊరి బడి కోసం, వేలకొద్దీ ఉత్తరాలు ప్రభుత్వానికి రాశారు. నువ్వూ నేనూ ఇప్పటికీ కాగితం మీద రాసుకుంటుంటే నవ్వే మీ మనవలకి ఈ ముక్క చదివి వినిపించు.

ఇక్కడ దారి సంగతి వస్తుంది. ఎనిమిది అయ్యాక షానెన్ మెరుగైన హైస్కూలు కోసం ఇల్లు వదిలి వందల కిలోమీటర్లు దక్షిణాన ఉన్న న్యూ లిస్కర్డ్ అనే ఊరికి వెళ్ళి చదువుకుంది. అమ్మానాన్నలు అక్కడ, తనిక్కడ. 2010లో, పదిహేనేళ్ళ వయసులో, రోడ్డు ప్రమాదంలో చనిపోయింది. 2012 ఫిబ్రవరిలో ఆ పిల్ల కలని పార్లమెంటు ఏకగ్రీవంగా ఆమోదించింది. ఆదివాసీ పిల్లల బళ్ళకి మిగతా పిల్లల బళ్ళతో సమానంగా డబ్బు కేటాయించాలని తీర్మానం. అట్టవాపిస్కాట్‌లో కొత్త బడి 2014లో తెరిచారు. పుట్టిన ఊళ్ళో మంచి బడి ఉంటే ఆ పిల్ల ఆ రోడ్డు మీద ఉండాల్సిన పనే లేదని నేను ఎవరితోనూ అనను, విధి సంగతి ఎవరికి తెలుసు. కానీ నా మనసులోంచి ఆ మాట పోదు.

ఆ పిల్ల ఒక్కతే కాదు. ఇక్కడికి పడమట థండర్ బే అనే పెద్ద ఊరుంది. ఉత్తరాది ఊళ్ళలో హైస్కూళ్ళు లేక అక్కడికొచ్చి చదువుకుంటున్న ఆదివాసీ పిల్లలు 2000 నుంచి 2011 లోపల ఏడుగురు చనిపోయారు. ఎక్కువమంది నదిలో శవాలై తేలారు. ఏళ్ళ తర్వాత పెద్ద విచారణ జరిపి, 2016లో 145 సిఫార్సులు చేశారు. వాటి సారమంతా ఒక్కటే: పిల్లలు చదువు కోసం ఇల్లు వదలాల్సి వస్తే, వాళ్ళని చూసుకునే మనిషి ఉండాలి. వీలైతే అసలు వదలక్కర్లేకుండా చెయ్యాలి.

"నువ్వుండేది డబ్బున్న దేశం కదే, అక్కడ కూడానా?" అని నువ్వు అంటావు. ఇక్కడ కూడానే. ఇప్పుడు యూనివర్సిటీల్లో మగపిల్లలకన్నా ఆడపిల్లలే ఎక్కువున్న దేశం ఇది. అయినా రోడ్డు ఆగిపోయిన చోట చదువు ఆగిపోతుంది. ఒకప్పుడైతే పట్నంలో కూడా ఆడవాళ్ళకి ఆగిపోయేది. ఇదే ఒంటారియోలో 1860ల్లో కొంతకాలం గ్రామర్ స్కూళ్ళ గ్రాంటు లెక్కలో ఒక ఆడపిల్లని అర మగపిల్లాడిగా కట్టారు. నవ్వకు, నిజమే. 1865లో ఎమిలీ స్టో అనే ఆవిడ డాక్టరు చదువుకి టొరంటోలో అడిగితే ఆడదానివని కాదన్నారు. ముగ్గురు పిల్లల తల్లి, సరిహద్దు దాటి న్యూయార్కు వెళ్ళి చదివి 1867లో డాక్టరైంది. ఆవిడ కూతురు ఆగస్టా మాత్రం 1883లో ఇక్కడే డాక్టరైంది. తల్లి వెళ్ళిన దూరం కూతురికి తగ్గింది. కింగ్‌స్టన్‌లో అయితే ఆడవాళ్ళతో కలిసి కూర్చోబోమని మగ మెడికల్ విద్యార్థులు గొడవ చేస్తే, ఊళ్ళో పెద్దలు 1883లో ఆడవాళ్ళకి వేరే మెడికల్ కాలేజీ పెట్టేశారు. నాకా ఊరంటే అందుకే గౌరవం. పిల్లలని ఇంటికి పంపెయ్యలేదు, బడిని దగ్గరికి తెచ్చారు.

ఇప్పుడు నీకు తెలియని బొబ్బిలి సంగతి ఒకటి చెబుతాను. మీ ఇంట్లో మీ నాయనమ్మ "కెనడా దొరసాని బడి" అనేది, గుర్తుందా? మనం ఏదో దొరసాని అనుకుని ఊరుకున్నాం. ఇక్కడికొచ్చాక దాన్ని వెతికాను. తూర్పు తీరాన నోవా స్కోషియాలో కాన్సో అని చేపలు పట్టేవాళ్ళ ఊరుంది. ఆ ఊరి హానా నోరిస్ అనే యువతి విదేశాల్లో పనిచేస్తానంటే మిషను పెద్దలు డబ్బు లేదన్నారు. ఆవిడ 1870లో ఊరూరా తిరిగి ఆడవాళ్ళని కూడగట్టి, 30కి పైగా సంఘాలు పెట్టించింది. గుడ్లు అమ్మిన డబ్బులూ, వెన్న అమ్మిన డబ్బులూ, చేతికి ఎంత మిగిలితే అంత. ఆవిడ బర్మా వెళ్ళింది. ఆ తీరప్రాంతపు బాప్టిస్టులు 1875లో మన తెలుగు దేశానికి మళ్ళారు. అలా వచ్చినవాళ్ళలో మటిల్డా చర్చిల్, ఆవిడ భర్త జార్జి ఉన్నారు. వాళ్ళు ఉన్నది మన బొబ్బిలిలోనే! మటిల్డా ఆడపిల్లలకి చదువు చెప్పింది. ఆవిడ ఇంటికి రాసిన ఉత్తరాలు కలిపి 1916లో టొరంటోలో పుస్తకంగా వేశారు. ఆవిడ చేతిలో చదువుకున్న ఆడపిల్లల్లో మీ నాయనమ్మ పెద్దలు ఎవరైనా ఉన్నారేమో, ఆ పుస్తకం చూసి చెప్పలేం. కానీ ఆ బడి బొబ్బిలిలోనే ఉండబట్టి కదా మీ నాయనమ్మ దాకా ఆ మాట వచ్చింది.

వాళ్ళు మతం కోసం వచ్చారని నువ్వంటావు. అవును, మతం కోసమే వచ్చారు, దాచలేదు కూడా. అప్పటికి కందుకూరి వీరేశలింగం పంతులు గారు 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టేశారు, తర్వాత రాజమండ్రి ఇన్నీసుపేటలో ఇంకోటి. ఎవరికి వాళ్ళ కారణాలున్నాయి. నేను చూసేది ఒక్కటే, ఆ కారణాలు అందరివీ కలిసి బడిని పిల్ల నడిచి వెళ్ళగలిగే దూరానికి తెచ్చాయా లేదా అని. ఇంకో సంగతి. మటిల్డా వాళ్ళు తెలుగు దేశానికి మళ్ళిన అదే 1875లో, మే నెలలో, కెనడా తూర్పున మౌంట్ ఆలిసన్ కాలేజీలో గ్రేస్ ఆనీ లాక్‌హార్ట్ అనే అమ్మాయి డిగ్రీ పుచ్చుకుంది. బ్రిటిషు సామ్రాజ్యం మొత్తంలో డిగ్రీ తీసుకున్న మొట్టమొదటి ఆడపిల్ల. అంటే మన వైపుకి చదువు మోసుకొచ్చిన దేశంలోనూ ఆడవాళ్ళ చదువు అప్పుడే కళ్ళు తెరుస్తోంది.

ఇంత రాశానని ఆ దేశాన్ని మెచ్చుకుంటున్నాననుకోకు. ఆ కాలపు కెనడాయే ఇంకో పని చేసింది. క్రీ పిల్లల్ని, ఇంకా ఎన్నో జాతుల పిల్లల్ని, అమ్మానాన్నల దగ్గర్నుంచి ఎత్తుకెళ్ళి దూరపు బోర్డింగ్ బళ్ళలో పెట్టింది. మాతృభాష మాట్లాడితే కొట్టేవాళ్ళు. 1,50,000 మంది పిల్లలు ఆ బళ్ళలో గడిపారు. ఆఖరి బడి మూతపడింది 1990ల్లో, అంటే మనకి పెళ్ళిళ్ళై పిల్లలు పుట్టాక. అట్టవాపిస్కాట్ పిల్లల్ని తీసుకెళ్ళింది అదే తీరంలో ఫోర్ట్ ఆల్బనీలోని సెయింట్ ఆన్స్ బడికి. అక్కడ జరిగినవి నీకు రాయలేను, చేయి రాదు. అందుకే ఇక్కడి ముసలివాళ్ళకి "హాస్టలు" అనే మాట వింటేనే ముఖం మారిపోతుంది. వాళ్ళని చూశాకే నాకు ఒకటి గట్టిగా తెలిసింది. దూరం అంటే కిలోమీటర్లే కాదు, చూసుకునే కన్ను లేకపోవడం కూడా. అమ్మ వెళ్ళి చూడలేని బడి, పిల్ల ఫోను చేసి చెప్పుకోలేని బడి, ఎంత మంచి కట్టడమైనా దూరమే.

"మరి హాస్టలు వద్దంటావా, కావాలంటావా? తేల్చి చెప్పు" అంటావు. చెబుతున్నాను. అమ్మానాన్నలు ఎంచుకున్న హాస్టలు వేరు, పోలీసొచ్చి తీసుకెళ్ళిన హాస్టలు వేరు. మన మలావత్ పూర్ణ లేదూ, నిజామాబాద్ జిల్లా తండా పిల్ల, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ 2014లో పదమూడేళ్ళకే ఎవరెస్టు ఎక్కింది. అదీ బోర్డింగే. 2004లో మొదలైన కస్తూరిబా విద్యాలయాలూ బోర్డింగులే. వాటిలో చాలా చోట్ల ఇప్పుడు ఇంటర్ కూడా ఉంది. వార్డెను ఎవరు, ఆదివారం అమ్మ వెళ్తే గేటు తీస్తారా, పిల్లకి బాగోలేకపోతే ఎవరు ఫోను చేస్తారు, ఇవి చూసుకుంటే నాకు హాస్టలంటే భయం లేదు.

ఇప్పుడు మన సంగతి. మనం నలుగురం చెరువు గట్టు మీదుగా హైస్కూలుకి వెళ్ళేవాళ్ళం. నువ్వు, నేను, కరణంగారి అమ్మాయి, పార్వతి. మనల్ని పంపించారంటే మన పెద్దలకి చదువు మీద ఉన్న ప్రేమతో అనుకుంటున్నావా? ప్రేమ ఉంది, కాదనను. కానీ పంపించింది నలుగురం కనుక. తొమ్మిదిలో కరణంగారమ్మాయికి పెళ్ళయింది. పార్వతిది గట్టుకి అవతలి పేట. మనం ఇవతల్నుంచి వెళ్తాం, ఆ పిల్ల తుమ్మ చెట్ల దగ్గర దాకా ఒంటరిగా రావాలి. వానాకాలం వచ్చింది. ఒకరోజు పార్వతి రాలేదు. మర్నాడూ రాలేదు. పుస్తకాల సంచీ వాళ్ళ పెంకుటింటి దూలానికి తగిలించి ఉండడం మనం చూశాం. నిన్నేమన్నా వద్దన్నారా అని నువ్వే అడిగావు. లేదే, ఎవరూ వద్దనలేదు, వానలు తగ్గాక వస్తాను అంది. లెక్కల్లో మనిద్దరికన్నా తెలివైనది రాజ్యం. కాగితం లేకుండా నోటితో చేసేది. వానలు తగ్గాయి. పార్వతి రాలేదు. అప్పుడు మన పెద్దవాళ్ళలో ఒక్కరికైనా, ఆ పిల్లని తుమ్మ చెట్ల దాకా తీసుకొచ్చి దింపుదామని తోచిందా? అంత చిన్న పని! మనకైనా తోచిందా? పిల్లలం, ఎలా తోస్తుంది. ఇప్పుడు మనం పెద్దవాళ్ళం. అందుకే ఇదంతా రాస్తున్నాను.

బీహారులో ఏం చేశారో విను. 2006లో తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకి సైకిలు కొనుక్కోడానికి డబ్బులిచ్చారు. కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు దాని ఫలితం లెక్క కట్టారు. హైస్కూల్లో ఆడపిల్లల చేరికలు 32 శాతం పెరిగాయి. ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం ఎక్కడనుకున్నావు? హైస్కూలు దూరంగా ఉన్న ఊళ్ళలో. ఆ ఊళ్ళ తల్లిదండ్రుల మనసు అంతలో మారిపోయిందా? మనసు ముందే ఉంది, సైకిలే లేదు. ఇంకోటి గమనించావా, సైకిలు డబ్బులు ఒక్క పిల్లకి కాదు, తొమ్మిదిలో చేరిన ఆడపిల్లలందరికీ ఇచ్చారు. అంటే గుంపుగా వెళ్తారు. నేను చెప్పినట్టు, మనల్ని పంపించింది నలుగురం కనుక.

మీ వైపు 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఉచితం కదా. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచే ఉంది. చాలా మంచి పని. టిక్కెట్టు డబ్బులు లేకపోవడం అనే మాట గౌరి ఇంట్లో ఇక ఎవరూ అనలేరు. కానీ రాజ్యం, బస్సు ఉచితమైతే సరా, సాయంత్రం బస్సు రావాలి కదా. ఫిజిక్సు ప్రాక్టికల్స్ నాలుగున్నరకి అయిపోవు. ఆఖరి బస్సు అయిదింటికే వెళ్ళిపోతే ఆ పిల్ల ప్రాక్టికల్స్ వదిలేసి పరుగెత్తాలి, లేకపోతే చీకట్లో షేర్ ఆటో ఎక్కాలి. వాళ్ళ నాన్న మొదటి నెల ఊరుకుంటాడు. రెండో నెల ఎవరో ఏదో అంటారు. మూడో నెల పుస్తకాల సంచీ దూలానికి తగిలిస్తారు.

"ఇదంతా నాకేం చేతనవుతుందే, అరవై దాటినదాన్ని" అనకు. నీ అంత చేతనైనవాళ్ళు ఆ ఊళ్ళో ఇంకొకరు లేరు. హైస్కూల్లో ముప్పై ఏళ్ళు పాఠం చెప్పావు. మన వైపు ఆర్టీసీలో పనిచేసేవాళ్ళలో సగంమంది నీ దగ్గర చదువుకున్నవాళ్ళే. అందులో ఎవడో ఒకడు ఇప్పుడు డిపోలో మేనేజరుకి పక్కన కూర్చుని ఉంటాడు. ఇంట్లో కూర్చుని ఆవకాయకి ఆవపిండి కలుపుతూ ఉంటే ఎలా?

రేపే ఇవి కనుక్కో. బొబ్బిలి నుంచి మీ ఊరి మీదుగా వెళ్ళే ఆఖరి బస్సు ఎన్నింటికి, అది రోజూ వస్తుందా లేక పండగలకీ పబ్బాలకీ మానేస్తుందా. కాలేజీలో ల్యాబు ఎప్పుడు అయిపోతుంది. ఈ రెండు సమయాలూ కలవకపోతే, పక్క ఊళ్ళలోంచి ఈ ఏడు టెన్తు పాసైన ఆడపిల్లలు ఎందరున్నారో మీ టీచర్లని అడిగి రాయించు. నలుగురు దొరికితే చాలు, నలుగురి తండ్రులూ కలిసి డిపోకి ఒక అర్జీ ఇస్తే అయిదున్నర ట్రిప్పు అడగడానికి ముఖం ఉంటుంది. ఒక్క పిల్ల కోసం బస్సు వెయ్యరు, నిజమే, వెయ్యమని అడగను కూడా. బస్సు కుదరకపోతే కస్తూరిబా విద్యాలయంలో ఇంటర్ ఉన్నది మీకు ఏది దగ్గరో చూడు. గౌరితో పాటు నువ్వూ వెళ్ళు. వార్డెనమ్మని పలకరించు. వంటగది చూడు. బాత్రూం తలుపుకి గడియ పడుతుందో లేదో స్వయంగా వేసి చూడు, మొహమాటపడకు. గౌరికి నచ్చిందో లేదో ఇంటికొచ్చాక ఒంటరిగా అడుగు, అందరి ముందూ కాదు.

డబ్బు విషయంలో మీ తమ్ముడికి అభిమానం ఎక్కువని నాకు తెలుసు. అందుకని ఆయనతో ఏమీ అనకు. గౌరి సైకిలు నేను కొనిపెడతాను. హాస్టలైతే ట్రంకు పెట్టె, దుప్పట్లు, మొదటి ఏడాది పుస్తకాలు. అత్త వరసలో ఇస్తున్నాను, కాదనే హక్కు ఆయనకి లేదు. ఫోను ఒకటి నీ దగ్గర పాతది ఉంది కదా, అది ఆ పిల్లకిచ్చి సాయంత్రం ఆరింటికి అమ్మతో మాట్లాడమను. రోజూ.

ఇంకా ఒక్క పని. ఇంటర్ అడ్మిషన్ల గడువు ఎప్పటిదాకానో నాకు వెంటనే రాయి. ఉత్తరం రాసి పోస్టులో వెయ్యొద్దు, ఈసారికి వాట్సాప్‌లో పంపు, ఆవకాయ కబుర్లు తర్వాత తీరిగ్గా రాసుకుందువుగాని. అన్నట్టు పార్వతి ఇప్పుడు ఎక్కడుందో ఏమైనా తెలిసిందా? పోయిన ఏడు సాలూరులో కూతురి దగ్గర ఉంటోందని అన్నావు. ఫోను నంబరు దొరికితే పంపు. గౌరికి లెక్కల్లో సాయం కావలసి వస్తుంది.

నీ
కామేశ్వరి